సేటు పన్ను నంబరు

కల్వకుర్తి నూనెమిల్లు పెద్ద మేస్త్రీ ఆదాయపు పన్ను కాగితం ముందేసుకుని కలం కొరుకుతున్నాడు. పల్లికాయలు ఒలుస్తున్న భార్యకు ఊరుకోబుద్ధి కాలేదు.

“ఇంకేముంది రాసేది?”

“జీతమిచ్చే సేటు పన్ను నంబరు.”

“మిల్లు బోర్డు మీద ఉన్నది గదా!”

“అది అమ్మకం పన్నుది. గిది వేరే.”

“నీకే గింత పన్ను పడితే, సేటుకెంత పడుతదో!”

“నేనూ గట్లనే అనుకున్న.”

“మరి ఆయన్నే అడగరాదయ్యా?”

“అడిగిన.”

“ఏమన్నడు?”

“నవ్విండు. ‘గా నంబరు యాడ ఇస్తరు మేస్త్రీ?’ అని నన్నే అడిగిండు.”

ఆమె చేతిలో పల్లికాయ ఒలవకుండానే ఆగింది.

“అంటే, ఎన్నడూ కట్టనే లేదా? నువ్వు సేటు పేరు రాసిస్తే ఎట్ల మరి?”

“సేటు దొరుకుతడు. నా నౌకరి పోతది.”

ఆమె పల్లికాయ చిట్లించి గింజలు చాటలో వేసింది.

“అన్నీ సిరాతోనే రాయి. సేటు పేరు మాత్రం జర పెన్సిలుతోని రాయి.”