అర చుట్టు

మామగారింటి ముందుగది. కుడికంటికి కట్టుతో కుర్చీలో మామ. గుమ్మంలో, బూట్లైనా విప్పకుండా అల్లుడు.

“కూర్చో అల్లుడూ. ముందు మంచినీళ్లు తాగు.”

“నీళ్లు నిన్న చెరువులో కడుపునిండా తాగాను మామయ్యా. మీరు జవాబు చెప్పండి. ఎన్ని చుట్లు?”

“దేనికి?”

“మీకు తెలీదూ! మన కప్పబండికి. చక్రాల బదులు రెండు పక్కలా గొలుసులతో నేల మీదా నీళ్లలోనూ నడిచి వరదలో జనాన్ని తెచ్చే బండికి. గేర్‌బాక్సులో ఆ గొలుసుల్ని తిప్పే పట్టీ బోల్టు ఆఖరిదాకా బిగించి, ఎన్ని చుట్లు వెనక్కి వదలాలి?”

“కంటికి ఆపరేషనయి నెలే అయింది. డాక్టరు ఉద్రేకపడొద్దన్నాడు.”

“ఉద్రేకపడేది నేను. మీరు అంకె చెబితే చాలు.”

“తిండి సరిగ్గా తింటున్నావా? అమ్మాయి ఇక్కడుండిపోయింది, నీకు ఇబ్బందే.”

“ఇబ్బందే. మధ్యాహ్నం షెడ్డుకి కారేజీ తెచ్చేది, నేను చేతులు కడుక్కొచ్చేలోపు బండి కూడా తుడిచిపెట్టేది. ఇప్పుడు హోటలు తిండి. బస్సు కదిలేదాకా గ్యాసు కట్టండి, పాలు పొంగించకండి, అదనీ ఇదనీ చెబుతూనే ఉంది, సగం చెవినెయ్యలేదు... మాట మార్చకండి. ఎన్ని చుట్లు?”

“బండిని బట్టి ఉంటుంది.”

“నాకు నేర్పినప్పుడు బండిని బట్టి అనలేదే! రెండు, కళ్లు మూసుకుని రెండు అన్నారు. పదకొండేళ్లుగా రెండే వదులుతున్నాను. నిన్న ఏమైందో తెలుసా?”

“ఏదో మొరాయించిందని అమ్మాయి చెప్పింది.”

“మొరాయించడమా! చెరువులో బండి పరీక్ష. పెద్దాఫీసర్లు గట్టు మీద కుర్చీలేసుకుని చూస్తున్నారు. బండిలో నాతో కలిపి ఆరుగురం. గట్టు మీద బంగారంలా నడిచింది. నీళ్లలో పావుగంట అయ్యేసరికి ఆయిలు వేడెక్కింది, ఎడమ పట్టీ జారింది. కుడి గొలుసు తిరుగుతోంది, ఎడమది పడుకుంది. ఉన్నచోటే గిరగిరా తిరిగాం. తిరుగుతూ తిరుగుతూ తూము వైపు పోయాం. తాడు విసిరి లాగారు కాబట్టి ఇక్కడ నిలబడ్డాను.”

“ఎవరికీ ఏం కాలేదుగా?”

“బండిలో రేడియో చూసే ఆయనకి చెయ్యి విరిగింది. నాకు పేరు పోయింది. ఈ నెలలో జారిన బండి ఇది మూడోది. సాయంత్రం లోపల సంజాయిషీ రాసివ్వాలి, లేకపోతే షెడ్డు తాళాలివ్వాలి.”

“తొందరపడి ఏమీ రాయకు.”

“బండి కంపెనీ ఆయన నా ముందే బోల్టు చూసి ఏమన్నాడో తెలుసా? ‘ఎవరండీ మీకు రెండు చుట్లని చెప్పింది? ఒకటిన్నర కదా’ అన్నాడు. అందరి ముందూ. మా గురువుగారని చెప్పడానికి నోరు రాలేదు.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి మామయ్యా? అసలు మామగా వద్దు, మేస్త్రీగా చెప్పండి. మరిచిపోయి రెండన్నారా, తెలిసే అన్నారా?”

“అమ్మాయిని టీ పెట్టమంటాను...”

“టీ వద్దు!”

“తెలిసే అన్నాను.”

“అంత తేలిగ్గా చెబుతున్నారే!”

“తేలిగ్గానా? పదకొండేళ్లు పట్టింది. చూడు బాబూ, నా చేతిలో ఉన్నదంతా నీ చేతిలో పోసేస్తే, రేపు నా గుమ్మం తొక్కేదెవరు? బండి జారితే పరిగెత్తుకుంటూ వస్తావు, అప్పుడు చెబుదాం అనుకున్నా. మా మేస్త్రీ కూడా నా దగ్గర ఒకటి దాచుకునే పోయాడు.”

“అప్పటికి పరాయివాణ్ణి, సరే. నెల తిరక్కుండానే అల్లుణ్ణయ్యాను కదా! పిల్లనిచ్చారు, అర చుట్టు ఇవ్వడానికి చెయ్యి రాలేదా?”

“నువ్వు అడగలేదు.”

“దాచారని తెలిస్తే కదా అడగడానికి!”

“వస్తావని మొదటేడు చూశాను, రెండోయేడు చూశాను. ఒక్క బండీ జారలేదు. నీ చెయ్యి మంచిదని అందరూ అనడం మొదలుపెట్టారు. వీడే కనిపెట్టేశాడు, లోపల్లోపల నన్ను చూసి నవ్వుకుంటున్నాడు అనుకుని నోరు మూసుకున్నా.”

“నేనేం కనిపెట్టలేదు. నిన్నటిదాకా రెండే.”

“రెండు వదిలితే నీళ్లలో అరగంట ఆగదు అల్లుడూ. పదకొండేళ్లు ఎలా ఆగింది?”

“నా చేతి చలవ అనుకున్నా.”

“చేతి చలవ బోల్టుకేం తెలుసు?”

“ఏమో! ఇంక మీ చుట్లు నాకొద్దు. ఇదిగో, లోపలున్నావా? బట్టలు సర్దు, బయల్దేరదాం. నిన్న నీళ్లలో తిరుగుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఈ ఇంట్లో నన్ను మోసం చెయ్యని మనిషి నువ్వొక్కదానివే.”

“అరవకండి, అంతా వింటూనే ఉన్నాను. ముందు ఇది తీసుకోండి.”

“ఇదేమిటి... నా పన్నెండో నంబరు పానా! షెడ్డంతా గాలించానే దీనికోసం! ఎక్కడ దొరికింది?”

“దొరకలేదు, నేనే తీశాను. కారేజీ సంచిలో అడుగున ఉండేది.”

“అన్నం సంచిలో పానా ఎందుకే?”

“మీరు సబ్బు పెట్టి ఆ గ్రీజంతా కడుక్కుని వచ్చేసరికి పది నిమిషాలు. ఆలోపల మీరు వదిలిన బోల్టు అర చుట్టు బిగించేదాన్ని. రెండు పక్కలా.”

“తుడుస్తున్నావనుకున్నా! మా ఆవిడకి నాకంటే బండంటేనే ముద్దు అని అందరికీ చెప్పుకున్నానే!”

“ఒకటిన్నరని నీకెవరు చెప్పారమ్మా?”

“మీరే నాన్నా. చిన్నప్పుడు బండి కింద మీకు లైటు పట్టుకున్నది ఎవరు? మీరు పైకే లెక్కపెట్టేవారు.”

“తండ్రీకూతుళ్లు సరిపోయారు! ఆయన దాచాడు, నువ్వు దాని మీద మూత పెట్టావు. నా పేరు నాది కాదన్నమాట.”

“చెబితే నాన్న పరువు పోతుంది, చెప్పకపోతే మీ ప్రాణం పోతుంది. పానా తియ్యడమే తేలికనిపించింది.”

“బాగుంది! మరి నెల కిందట నన్నొదిలి వచ్చేటప్పుడు? ఇంక బిగించేవాళ్లు లేరని నీకు తెలుసు. ఆ బండిలో నీళ్లలోకి దిగుతానని తెలుసు. ఒక్క మాట... ఒక్క మాట చెప్పాలనిపించలేదా?”

“చెప్పానండీ. బస్సు మెట్టు మీద నిలబడి, ఇకనుంచి ఒకటిన్నరే వదలండి అని రెండుసార్లు చెప్పాను. ‘గేర్‌బాక్సు సంగతి నువ్వు నాకు చెబుతావా’ అని మీరు కండక్టరుతో కలిసి నవ్వారు.”