బండి ఆగే చప్పుడు

ఇంటి వెనక రేకుల షెడ్డు. బానెట్ ఎత్తి ఉన్న పాత డీజిల్ జీపు. దాని దగ్గర వదినా, మరిదీ. సాయంత్రం.

"...నీళ్ళూ నీళ్ళూ అంటావేంటి వదినా? బ్యాటరీ పెట్టెలోకి చుక్క దూరదు. వాగులో ముంచి తీసినా ఏం కాదు."

"మిక్సీ అమ్మినవాడూ అలాగే చెప్పాడు. కాస్త తడి తగిలితే వారం రోజులు మూతి ముడుచుకు కూచుంది."

"మిక్సీకీ జీపుకీ పోలికేంటి?"

"రెండూ నా ఇంట్లోనే ఉన్నాయి. రెండింటికీ నువ్వే డాక్టరువి. అది ఇంకా మూలుగుతూనే ఉంది."

"సరే, మిక్సీ విషయంలో తప్పు నాదే. జీపు సంగతి విను. వచ్చే నెల నుంచి కొండమీదికి డీజిల్ బండ్లని రానివ్వరు. బ్యాటరీ బండైతేనే గేటు ఎత్తుతారు. అన్నయ్య పోయాక పై ఊళ్ళకి మందులు మోసే బండే లేదు. దీని ఇంజన్ తీసి మోటారు పెడితే మళ్ళీ కొండెక్కుతుంది. లేదంటే ఈ షెడ్డులోనే తుప్పు పడుతుంది."

"పట్టనీ. దానికంటే ముందు నాకే పడుతుందిలే."

"రేపు పొద్దున క్రేను తెస్తున్నాను. ఇంజన్ దింపడం ఒక పూట పని."

"పైన ఛార్జింగ్ ఎక్కడ పెడతావు? ఫోన్లు తగిలించుకోవడానికే వాళ్ళు వంతులు వేసుకుంటారు. జీపు తగిలిస్తానంటే దణ్ణం పెట్టి పంపించేస్తారు."

"ఇక్కడ రాత్రంతా పెట్టుకుని వెళ్తే, వెళ్ళి రావడానికి సరిపోతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే కాస్త కరెంటు వెనక్కొస్తుంది కూడా."

"దిగేటప్పుడు వస్తుంది. మరి ఎక్కేటప్పుడు?"

"ఎక్కేటప్పుడు పోతుంది."

"చూశావా."

"డీజిల్ మాత్రం ఊరికే వస్తుందా వదినా?"

"మీ అన్నయ్య డబ్బాలో పోసుకుని వెనక కట్టుకునేవారు. కరెంటుని డబ్బాలో పోసుకెళ్తావా?"

"...అదొక్కటీ నిజమే. ఒప్పుకుంటున్నాను."

"ఇంకోసారి అను. నువ్వు ఒప్పుకోవడం ఇంతవరకూ వినలేదు."

"కానీ లాగుడు చూడు. బురదలో డీజిల్ బండి అరిచి గోల చేస్తే గానీ కదలదు. మోటారైతే కాలు పెట్టగానే పూర్తి బలం. పిల్లిలా ఎక్కేస్తుంది. చప్పుడే ఉండదు."

"అదే."

"ఏదే?"

"ఏం లేదు. బ్యాటరీలు బరువంటారుగా. ఇంకా దిగబడదూ?"

"ఇంజన్ బరువు పోతుందిగా, దానికీ దీనికీ చెల్లు. అదే అంటే ఏంటి వదినా?"

"చప్పుడు లేకపోతే మలుపులో ఎదురొచ్చేవాడికి ఎలా తెలుస్తుంది?"

"హారన్ ఉంటుంది."

"హారన్ ఎవరో ఒకరు కొట్టాలిగా. కొట్టాల్సిన మనిషి కొట్టలేకపోతే?"

"వదినా."

"పొగమంచులో స్టీరింగు మీద వాలిపోయిన మనిషిని ఎలా కనిపెట్టారు? నువ్వేగా వెళ్ళింది."

"ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళాం."

"అదే బ్యాటరీ బండైతే?"

"దొరికేవాడు వదినా. తెల్లారాకైనా దొరికేవాడు."

"తెల్లారేదాకా ఒక్కరే..."

"మేం వెళ్ళేసరికే అయిపోయింది. డాక్టరు చెప్పాడుగా, గుండె అలా ఆగిపోయిందని. చప్పుడున్నా, లేకపోయినా..."

"తెలుసులే. నేనూ చదువుకున్నదాన్నే."

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. అన్నయ్య పోయినప్పట్నుంచీ, ఏడాదిగా, ఈ బండి గేటు దాటలేదు. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. మరి బానెట్ కింద ఒక్క సాలెగూడైనా లేదేంటి?"

"నేనున్న ఇంట్లో సాలెపురుగులు కాపురం పెట్టవు."

"బ్యాటరీ బలంగా ఉంది. ట్యాంకులో ఉన్న డీజిల్ నేను పోసింది కాదు."

"నువ్వు మెకానిక్‌వా, పోలీసువా?"

"ఎవరు నడుపుతున్నారు వదినా?"

"ఎవరూ నడపడం లేదు. గొంతు తగ్గించు, అత్తయ్య గది కిటికీ ఇదే."

"నడపకపోతే డీజిల్ ఏమవుతోంది? నువ్వు తాగుతున్నావా?"

"...స్టార్ట్ చేస్తున్నాను."

"నువ్వా? నీకు స్కూటరు స్టాండు వెయ్యడం కూడా రాదు."

"తాళం తిప్పడం వచ్చు. రోజూ దీపాలు పెట్టే వేళకి తిప్పుతాను. కాసేపుంచి ఆపేస్తాను."

"ఎందుకూ?"

"మీ అన్నయ్య ఆ వేళకేగా వచ్చేవారు."

"వదినా, నీకేమైనా..."

"నాకేం కాలేదు. నా కోసం కాదు. అత్తయ్య కోసం. ఆయన పోయి నెల కూడా తిరగలేదు. ఒకరోజు కంచం ముందు కూచుని, 'పెద్దోడింకా రాలేదేం, వాడొచ్చాక కలిసి తిందాం' అన్నారు. ఉప్పందుకో అన్నంత మామూలుగా."

"అమ్మ మర్చిపోయిందా?"

"ఏమో. చెబుదామనే నోరు తెరిచాను. రాలేదు. ఆయన పోయారని మొదటిసారి ఎలా చెప్పానో నాకే తెలీదు. రెండోసారి ఎలా చెప్పను? ఇటొచ్చి తాళం తిప్పాను. లోపలికి వెళ్ళేసరికి కంచం దగ్గరికి లాక్కున్నారు. 'వచ్చాడుగా, స్నానం చేసి వస్తాడులే, మనం కానిద్దాం, నువ్వూ పెట్టుకో' అన్నారు. ఇద్దరం తిన్నాం."

"ఆ నెలంతా నువ్వు అన్నం ముట్టడం లేదని అమ్మే నాకు ఫోన్ చేసి ఏడ్చింది."

"ఆవిడ తినాలంటే నేనూ తినాలి మరి. పక్కన కూచుని చూస్తూ ఉంటారు."

"అప్పట్నుంచీ రోజూనా?"

"చప్పుడు వినకపోతే ముద్ద ముట్టరు."

"నాకెందుకు చెప్పలేదు? వారం వారం వస్తూనే ఉన్నాగా."

"నువ్వొచ్చేది మధ్యాహ్నం. తింటావు, ఓ కునుకు తీస్తావు, టీ తాగి పోతావు. ఈ నాటకం సాయంత్రం ఆట."

"...పోనీ ఫోన్లో రికార్డ్ చేస్తాను. ఇదే ఇంజన్, ఇదే చప్పుడు. మంచి స్పీకరు పెడదాం."

"స్పీకరుకి కిటికీ రెక్కలు వణుకుతాయా? మంచం వణుకుతుందా? ఆవిడ చెవులతో వినరు. మంచం పట్టె మీద అరచెయ్యి పెట్టి వింటారు. నేను చూశాను."

"అరచేత్తోనా?"

"నీ మోటారు పిల్లిలా వస్తుందన్నావు. ఇంటికీ పిల్లిలా వస్తే ఈవిడకి అన్నం ఎలా తినిపించను? చెప్పు, దీనికేదైనా వైరు ఉంటే చెప్పు."

"క్రేను వద్దని చెప్పేస్తాను."

"పైవాళ్ళ మందులు మరి?"

"వేరే బండి చూస్తాను."

"దొరుకుతుందా?"

"దొరకదు."

"...వేళయింది. జరుగు, నన్ను ఎక్కనీ."

"ఇవాళ్టికి నేను స్టార్ట్ చేస్తాను వదినా. ఈ ఒక్కరోజూ."

"సరే. బానెట్ ముయ్యి ముందు. ఎక్కువసేపు ఉంచకు, పొగంతా వంటింట్లోకి వస్తుంది... ఆఁ, చాలు. చాలు, ఆపెయ్... అదేంటి? ఆపమంటే అలా రెండుసార్లు బుర్రుమనిపించావేం?"

"అన్నయ్య అలాగేగా ఆపేవాడు. రెండుసార్లు రేజ్ చేసి, అప్పుడు తాళం తిప్పేవాడు. డీజిల్ దండగ అన్నయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నువ్వెలా ఆపుతున్నావు?"

"తాళం తిప్పేస్తున్నాను."

"రేజ్ చెయ్యకుండా?"

"ఆయన వచ్చే వేళకి నేనెప్పుడూ వంటింట్లోనేగా. కుక్కరు కూతల్లో ఏం వినపడుతుంది?"

"అంటే ఏడాదిగా..."

"ఏడాదిగా."

"మరి అమ్మ..."

"ఉండు. తలుపు చప్పుడు. అత్తయ్యా, మీరెందుకు లేచారు? కర్ర ఏదీ? మరిదీ, అటు పట్టుకో, పడిపోతారు."

"నేను బాగానే ఉన్నానే. ఎవర్రా ఇప్పుడు బండి ఆపింది? చిన్నోడా, నువ్వా?"

"నేనే... కాదమ్మా, అన్నయ్య. ఇప్పుడే వచ్చి, స్నానానికి..."

"ఊరుకోరా. నాకు ఆ మతిమరుపొకటి అంటగట్టకండి. ఆ మొదటిరోజు అలవాటుకొద్దీ నోరు జారాను. ఈ పిల్ల వచ్చి తాళం తిప్పి, నాకు తినిపించాలని తనూ నాలుగు ముద్దలు తింది. దీనిచేత తినిపించడానికి నాకింకో దారి దొరకలేదు."

"అత్తయ్యా..."

"నువ్వు ఆపినప్పుడు నాకేం కాలేదమ్మాయ్. అది నీ చప్పుడని నాకు తెలుస్తూనే ఉంది. మనిద్దరం రేపట్నుంచి చప్పుడు లేకుండానే తిందాం. చిన్నోడా, తెల్లారగానే ఆ ఇంజన్ పీకెయ్. ఇంకెప్పుడూ వాడిలా ఆపకు నాయనా, ఇవాళ నిజంగా వాడే వచ్చాడని తలుపు తియ్యడానికి లేచాను."