గోరింక గ్లాసులు

సభాధ్యక్షులు, మన డైరెక్టరు బసవరాజు గారికి, ముందు వరుసలో కూర్చున్న ఆదెమ్మ వదినగారికి, పెద్దలకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారం.

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న ఓబళప్పన్న గురించి రెండు మాటలు చెప్పమన్నారు. పదిహేనేళ్లుగా ఈ ఆఫీసులోకి గుండుసూది వచ్చినా ఆయన చేతి మీదుగానే వచ్చింది. రెండు మాటలతో ఆగే మనిషిని కానని ఈ సభ నడిపిస్తున్న నేత్రావతి గారికి తెలుసు, అందుకే గోడ గడియారం తెచ్చి నాకెదురుగా పెట్టించారు. (నవ్వులు)

2003లో తమిళనాడు సరిహద్దున అత్తిబెలె చెక్‌పోస్టు దాటే లారీల కాగితాల కోసం మనమొక సాఫ్ట్‌వేరు తయారుచేసి, దానికి గోరింక అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఇంకెవరైనా ముందే రిజిస్టరు చేసుకున్నారేమో చూసే పని నాది. పేరు ఖాయమేనా అని ఓబళప్పన్న అడిగితే ఖాయమన్నాను. ఇంక ఆయన ఆగుతారా? ఇంట్లో చెంచా కొన్నా దాని మీద పేరు కొట్టించనిదే వంటింట్లోకి రానివ్వని మనిషి. “పేరు కొట్టిస్తేనే అప్పా, వస్తువు మనదయ్యేది” అని, ప్రారంభోత్సవంలో పంచడానికి మూడువందల స్టీలు గ్లాసుల మీద గోరింక అని కొట్టించేశారు.

వారం తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. ఆ పేరు ముంబయిలో ఒక కంపెనీదట, పదిరోజుల తర్వాత మన దగ్గర ఎక్కడా కనబడకూడదట. సాఫ్ట్‌వేరులో పేరు మార్చడానికి మన ప్రోగ్రామర్లకు ఒక పూట పట్టింది, గోరింక పోయి తూనీగ వచ్చింది. స్టీలు మీది పేరు చెరిపే మీట మాత్రం ఏ కీబోర్డులోనూ లేదు. స్టిక్కర్లు అంటించాం. పదోరోజు లాయరుగారే చూసిపోదామని వస్తే మర్యాదగా కాఫీ ఇచ్చాం. ఆ వేడికి తూనీగ జారి ఆయన ఒళ్లో పడింది, గోరింక ఆయన ముక్కు ముందు నిలిచింది. (పెద్దగా నవ్వులు)

ఆయన వెళ్లాక, ఇది ఎవరి నిర్వాకమని డైరెక్టరుగారు అడిగారు. నేను నోరు తెరవలేదు. ఓబళప్పన్న లేచి, “నేనే తొందరపడి కొట్టించేస్తి సార్, తప్పు నాదే” అన్నారు. ఆ ఏడాది ఆయనకు రావలసిన మేనేజరు పదవి రెండేళ్లు ఆలస్యమైంది.

బసవరాజు గారూ, ఆరేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. నేను రిజిస్టరు చూడలేదు. ఆ వారం పెళ్లిచూపుల హడావుడిలో పడి, చూశానని అబద్ధమాడాను. వదినా, ఆ రెండేళ్లూ మీరు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయంగా నావి. అన్నా, సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

(వేదిక మీద నుంచి ఓబళప్ప: “నువ్వు చూడలేదని ఆ పొద్దే నాకు తెలుసు రామాంజీ. కొత్తగా చేరినోడివి, నిన్ను పంపించేస్తారని అట్ల చెప్తి. వదిలేయప్పా.” చప్పట్లు)

మిగిలిన గ్లాసులు హెబ్బగోడిలోని మన గోడౌనులో ఉంటే ఒకటి తీసుకొచ్చాను. గోరింకను అరగదీయించి, ఆ చోట ఓబళప్ప అని కొట్టించాను. ఇది తీసుకో అన్నా. ఈసారి రిజిస్టరు చూసే వచ్చాను. ఈ పేరు ఇంకెవరిదీ కాదు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.