తిప్పక్క మిద్దెలో పదకొండు కుండలు

తిప్పక్క అని ఒకామె ఉండె. మొగుడు లేడు. మూడెకరాల ఎర్రచేనుంది, పాత మట్టిమిద్దె ఉంది. ఒకరిది గడ్డిపోచైనా ముట్టదని ఊర్లో పేరు. ఆ పేరే ఆమె పీకకు చుట్టుకునింది, ఎట్లో చెప్తా వినండి. ఏమైందంటే, ఒక తూరి ఆ ఊరికి పంటల మేడమొకామె వచ్చిందంట. చేను చేసుకునే ఆడోళ్లను, తిప్పక్కతో కలిపి పన్నెండు మందిని బడి పంచలో కూర్చోబెట్టి, అమ్మా, తొలివానకే ఉన్న కొర్రలన్నీ విత్తేస్తారు, ఆనక వాన ఎత్తిపోతే మళ్లా విత్తేదానికి ఏముంటాది అని అడిగిందంట. ఏమీ ఉండదన్నారు వీళ్లు. అట్లయితే సగమే విత్తండి, మిగతా సగం మీ ఇంట్లో పెట్టుకోవద్దండి, మిద్దె కారొచ్చు, ఎలుకలు పడొచ్చు, ఇంకోచోట దాచండి అనిందంట. మాట బాగుంది. ఇంకోచోట అంటే యాడ? నమ్మకమైన చోట. నమ్మకమంటే తిప్పక్క. పదకొండు మందీ పదకొండు కుండలు తెచ్చి తిప్పక్క మిద్దెలోనే దించిపోయినారు. మేడం చెప్పినట్లే చేసినామని చెప్పుకున్నారు కూడా.

తిప్పక్కకు కూడు దిగలేదు. పైకి చూస్తే దూలానికి చెదలు. అది కూలిందనుకో, పదకొండు చేన్లు బీడే. తిరిగి ఇస్తామా అంటే, మా కుండ నీకు బరువైందా అంటారు. ఒకరిది ఒకరింటికి మారుస్తామా అంటే, సుంకులమ్మకూ ఓబుళమ్మకూ మాటల్లేవు, ఒకరి విత్తనం ఒకరు ఇంట్లో పెట్టుకోరు. ఆలోచించి ఆలోచించి, కుండల మూతులకు పేడ మెత్తి, సుంకులమ్మది ఓబుళమ్మకు, ఓబుళమ్మది ఈరక్కకు, ఇట్లా తలా ఒక కుండ మోసకపోయి ఇచ్చింది. ఇది నాదే మ్మే, మీ కుండలకే నా మిద్దె చాలలేదు, మీ అటక మీద పెట్టుకోండి అనిందంట. పుట్టి బుద్ధెరిగినాక అదే మొదటి అబద్ధం. పదకొండిండ్లలో పదకొండు సార్లు చెప్పి, ఇంటికొచ్చి చెంపలేసుకునింది.

తొలివాన పడింది, సగం విత్తినారు, మొలిచింది. ఆ తర్వాత నలభై రోజులు చుక్క లేదు, మొలక మాడిపోయింది. ఇండ్లల్లో గింజ అయిపోయింది. తంగేడు పూలు తప్ప ఊర్లో పచ్చనిదేమీ లేదనుకో. పిల్లోళ్లు ఏడుస్తాంటే ప్రతి ఇంట్లో ఆడది అటక మీద కుండకల్లా చూస్తాంది. కానీ అది తిప్పక్కది కదా. మొగుడు లేని మనిషి విత్తనం, ఎట్లా ముట్టేది? గంజినీళ్లు తాగి పండుకున్నారు. అదే వాళ్ల సొంత కుండయితే చెప్పాల్నా నేను, మంగళవారానికే ఖాళీ.

ఆనక వాన వచ్చింది, మూడు దినాలు పట్టింది. మూడో దినం పొద్దున తిప్పక్క చేలో ఉండంగానే మిద్దె కూలింది. పదకొండు మందీ గుండెలు బాదుకుంటా పరిగెత్తుకొచ్చినారు. మా కుండలు, మా కుండలు అని మన్ను తవ్వుతున్నారంట. మనిషి బతికిందా అని ఒక్కరన్నా అడిగినారా అంటే, లేదు. తిప్పక్క చేను నుంచి వచ్చి వాళ్ల వెనకాలే నిలబడి చూసి చూసి, అప్పుడు చెప్పింది.

"తవ్వింది చాలు గానీ, ఇండ్లకు పోయి నేనిచ్చిన కుండ దించుకొని రాండి. ఎవరిది ఎవరికాడుందో చెప్తా."

కుండలొచ్చినాయి. మూతి పేడ కూడా రాలలేదు. సుంకులమ్మ కుండ ఓబుళమ్మ చేతిలో నుంచి సుంకులమ్మ చేతిలోకి పోయింది. నేల పదును ఆరకముందే విత్తాల, అందరూ కదిలినారు. ఓబుళమ్మ మాత్రం ఆగి అడిగిందంట, "నీ కుండ యాడక్కా?"

"నాది నాకాడే ఉండె. ఆకలైంది, తినేసినా" అనింది తిప్పక్క.

ఆ మాటకు అందరూ ఆగినారు. తలా ఒక దోసెడు ఆమె కొంగులో పోసి పోయినారు. ఆ ఏడు ఆమె చేనే ఆఖర్న విత్తినది.

మరుసటేడు మేడం వచ్చి, సగం యాడ దాచినారమ్మా అంటే, ఒకరిది ఒకరింట్లో అన్నారంట. ఎలుకలకు భయపడినారు, మంచి పని చేసినారు అని రాసుకొని పోయింది. ఎలుక సంగతి ఆమెకు తెలుసు, మిద్దె సంగతి తెలుసు, కడుపు సంగతి పాపం ఎవరూ చెప్పలేదు. నా కొర్రలు ఈ ఏడు మా వదినింట్లో ఉన్నాయి. ఆమెవి నా అటక మీదున్నాయి. దినామూ తలెత్తి చూస్తా, అంతే, దించను.