రెన్నెకె డాక్టరు పూలకి తొడిగిన రొట్టె సంచులు

నమ్మనివాడు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, తలుపు అదుగో. ఏం డెట్లెఫ్, కదల్లేదే? అయితే విను. పూలకి రొట్టె సంచులు తొడిగిన మనిషి ఎవరని కదూ అడిగావు? రెన్నెకె డాక్టరు. రోగుల డాక్టరు కాదురా, మొక్కల డాక్టరు. ఈ హార్ట్స్ కొండల కింద నా అంత బేకరీవాడూ, ఆయనంత పిచ్చివాడూ మళ్లీ పుట్టలేదు. నా రొట్టెల వాసనకి బెర్లిన్ రైలు మన స్టేషన్లో కాసేపు ఎక్కువ ఆగేది, తెలుసా? సరే, అదలా ఉంచు. తాత ముక్కు తండ్రిని దాటేసి మనవడికెలా వస్తుందో, ఆ కిటుకు పూలల్లో వెతికేవాడాయన. పక్కలు నొక్కితే నోరు తెరుస్తుందే, సింహం నోటి పువ్వు, తోటంతా అదే. అందులో ఒక రకానికి నోరే లేదు. గిన్నెలా గుండ్రంగా పూసేది. ఏళ్ల తరబడి దాన్ని దానితోనే కలిపి వంశం నిలబెట్టుకొచ్చాడు. తేనెటీగ పరాయి పుప్పొడి మోసుకొచ్చిందా, ఆ వంశం కల్తీ అయిపోయినట్టే. అందుకే కొమ్మకో సంచి, నా బేకరీదే. పువ్వుని తాకాలంటే టోపీ తీసి, "క్షమించండమ్మా, కొంచెం ఇబ్బంది పెడతాను" అనేవాడు. నన్ను మాత్రం "ఏరా గోట్లీబ్" అనేవాడు. బడిలో ఒకే బెంచీలే.

ఆ ఏడు తుపాకీ పోటీల పండగొచ్చింది. మనూరి సంగతి తెలుసుగా! సొగసు సంఘం ఆడవాళ్లు, వాళ్లకి పెద్ద త్సిల్లిగెనమ్మ, వీధులు కడిగారు, కిటికీలు తోమారు, ఇంక తుడవడానికేం మిగల్లేదు. "అయ్యో రాత, పూలకి ముసుగులేమిటమ్మా, ఊరేగింపు ఇటే వస్తుంటే!" అని, పండగ ముందురోజు డాక్టరు ఊళ్లో లేనప్పుడు, ఆయన తోటలో సంచులన్నీ ఊడదీశారు. పారేశారా? అబ్బే! ఇస్త్రీ రుమాళ్లలా మడిచి, దొంతర పేర్చి, దారం కట్టి గుమ్మంలో పెట్టారు.

డాక్టరు పొద్దున్నే రైలు దిగి వచ్చేసరికి తోటంతా తేనెటీగల రొద. నేను బేకరీ వదిలేసి పరిగెత్తి, వాటిని తోలడానికి తువ్వాలు తిప్పాను చూడు, ఆ గాలికి చర్చి గోపురం మీద కోడి బొమ్మ గిర్రున తిరిగింది! ఏం లాభం? ఆయన మోకాళ్ల మీద కూలబడిపోయాడు. సంగతి తెలిసి త్సిల్లిగెనమ్మ పరిగెత్తుకొచ్చింది. "శుభ్రం చేశానండీ... శుభ్రమే చేశానండీ..." ఒకటే ఏడుపు. ఈయన తలెత్తి ఏమన్నాడో తెలుసా? "చాలా చక్కగా మడిచారమ్మా" అన్నాడు. ఒట్టు! దాంతో ఆవిడ మరీ బావురుమంది. అంతలో కొమ్మల చివర్లు చూశాడు. "ఒరేయ్ గోట్లీబ్, పై మొగ్గలు ఇంకా విచ్చలేదురా! వాటిలోకి ఎవరూ వెళ్లలేదు."

మరి విచ్చిన ప్రతి పువ్వూ, పరాయి పుప్పొడి పడ్డదే కాబట్టి, తెంచెయ్యాలి, మొగ్గలకి మళ్లీ సంచులు తొడగాలి. ఆయనకి చెయ్యి రాలేదు. తెల్ల చేతితొడుగుల్తో త్సిల్లిగెనమ్మే మొదలుపెట్టింది, వెనక సంఘమంతా. ఆయనేమో ప్రతి పువ్వుకీ క్షమాపణ. ఊరేగింపు వచ్చేసరికి తోట బోడిగుండు, దాని నిండా రొట్టె సంచులు, చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లు. బ్యాండువాళ్లు ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుని మేళం ఆపి, చావు పాట మెల్లగా వాయించుకుంటూ వెళ్లారు.

మరుసటేడు ఆ మొగ్గల విత్తనాలేస్తే గిన్నె పూలే పూశాయిరా, ఒక్కటీ తప్పలేదు. అందరికంటే ముందు త్సిల్లిగెనమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. టోపీ తీసి, "అమ్మా, వీరే త్సిల్లిగెన్ గారు" అని పువ్వుకి పరిచయం చేశాడు. ఏమిట్రా ఆ నవ్వు? కోతలంటావా? ఆనాడు పెద్ద డోలు వాయించినవాడు మిల్లు సందులో ఇంకా బతికే ఉన్నాడు. పో, అడుగు. ఓస్వాల్డ్ క్నోబ్లోఖ్.