గుడి లేని బోనం

నవ్వినవంటే ఇప్పుడే లేచి పోత మల్లవ్వా. మా మరిది పెండ్లానివని నీ గడప తొక్కిన గని, నీ చాయ్ కోసం రాలే. ఆ ఏడాది బోనాలల్ల నా కుండ మీది దీపం నీ కొంగు గాలికే ఆరిందని మర్సిపోయిన్ననుకుంటున్నవా?

నేనేం మర్సిపోలే. నువ్వు గూడ కూసో, చెప్త.

మా మీదింట్ల కిరాయికుంటడే హృషికేశ్, కంప్యూటర్ పిలగాడు, వాడు జేసిండు ఇదంత. నా కోడలు సంతోషి వానితోని చెప్పిందట, "అత్తమ్మ మెడ ఆగుతలేదు, ఈ ఏడు మొదటి బోనం ఎత్తొద్దంటే ఇంటలేదు" అని. నా మెడకేమైందే? నేను ఉప్పల్ల ఈ గల్లీకి కోడలైనప్పటిసంది మొదటి బోనం నాదే గద!

వాడేమన్నడో తెలుసా? "పెద్దమ్మా, నాచారంల మా ఆఫీసుల ఒక మిషిన్ జేస్తున్నం. లేని వస్తువు ఉన్నట్టు కనవడ్తది, బరువు గూడ తెలుస్తది. అండ్ల బోనమే పెట్టిన. ఎత్తి సూపెట్టు, సంతోషక్క నోరు మూతవడ్తది." పోయిన. మెట్రో కోసం రోడ్డంత తవ్విపెట్టిన్రు, అయినా పోయిన. పంతమాయె!

ఆఫీసంటే ఏముంది, రేకుల షెడ్డు. గుర్రానికి గంతలు గట్టినట్టు కండ్లకు ఇంత డబ్బా కట్టిండు. సూస్తే ఎదురుంగ బోనం! పసుపు, కుంకుమ, యాపమండలు. బొట్లు మాత్రం వాని మొకం లెక్క వంకరటింకర. ముందు అయ్యి దిద్దిపిచ్చిన.

ఎత్తిన. చేతుల ఏం లేదు మల్లవ్వా, ఉత్త గాలి. కని నా చేతులు లేసినంత జల్ది కుండ లేస్తలేదు. మొరాయించిన బర్రె తీరుగ నిదానంగ, నిదానంగ వస్తది. అంతే, భుజాలు గుంజినయ్! "గదే కిటుకు పెద్దమ్మా, బరువని కన్ను చెప్తే చెయ్యి నమ్ముతది" అని ఇకిలిచ్చిండు.

నెత్తికెత్తుకున్న. చెప్పులిడిసి నడిసిన. జర సేపటికి "సాలు, డబ్బా ఇప్పుత" అంటడు. బోనం నెత్తిన పెట్టినంక నడిమిట్ల దించుతరానే? గుడి ముంగట దించాలె గద! "గుడి ఏదిరా?" అన్న. "గుడి చెయ్యలేదు" అన్నడు గాడిద కొడుకు!

మరి యాడ దించాలె? షెడ్డంత తిరిగిన. గోడకు గుద్దుకున్న, కుర్చీ తన్నిన, మళ్ల తిరిగిన. వాడు ఎనుకవడి "పెద్దమ్మా, పెద్దమ్మా" అని కోడిపిల్ల లెక్క ఒకటే అరుసుడు.

దించలే. నువ్వైనా దించుతుంటివా?

ఇగ ఏం చెప్పాలె... మెడ ఆగలే. కూలవడ్డ. కండ్ల ముంగట కుండ పలిగింది, సప్పుడు గూడ రాలే. సంతోషికి చెప్పనని వాడు ఒట్టేసిండు. చెప్పడు. చెప్తే ఇల్లు ఖాళీ చెయ్యాలె గద.

కడుపుల మాట చెప్త, ఇను. నిజం కుండైతే అండ్ల అమ్మవారి అన్నం ఉంటుండె. నడి బజార్ల పారవోస్తుంటి. ఉత్త గాలిని మొయ్యలేనిదాన్ని, అమ్మ అన్నం ఎట్ల మోస్తనే?

ఈ ఏడు మొదటి బోనం నువ్వెత్తు.

ఏడుస్తవెందుకే? ప్రేమ పుట్టి ఇస్తలేను. ఈ గల్లీల నీ అంత మొండి మెడ ఇంకొకతికి లేదు, గందుకు. అడిగినోళ్లకు నేనే దయతలిచి ఇచ్చిన్నని చెప్పు. బోనాల నాడు పొద్దుగాల్నే వస్త, నా చేతులతోనే నీ నెత్తి మీద పెడ్త. పెట్టి నీ పక్కపొంటే నడుస్త. జర వంకర నడిసినవో, అందరి ముంగటనే తిడ్త.