తువాలు కింద ధర

ఆదోని పత్తి బజారులో ధర నోటితో చెప్పరు. తువాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఆ మధ్యాహ్నం కోసిగి రైతొకడు ఎదురుగా కూర్చుని తువాలు పరచగానే, దలాలి అలవాటు కొద్దీ కుడిచెయ్యి లోపలికి చాపాడు. రైతు అతని చిటికెనవేలు ఒడిసి పట్టుకున్నాడు.

“ఏమప్పా, పత్తి తెచ్చినావా?”

“ఇంగ యాడిది? ధర పడిపాయెనంటివని పోయిన అమాసకు అంతా నీకే ఇచ్చిపోతిమి గదా. ఆ దినమే మా తమ్ముడు బాయిలో దూకె. వాని దినాలు చేసి వచ్చేలోగా ధర రెండింతలాయెనంట. ఎట్లాయె?”

“అమెరికాలో వానల్లేవంటప్పా.”

చిటికెనవేలు పుటుక్కుమంది. దలాలికి కేక గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. తువాలు కింద కొడవలి మొన అతని పొట్టకు ఆనింది.

“అరిస్తే పేగులు కింద పడతాయి. ఎట్లాయె?”

“జపాను ఓడలొచ్చినాయంట!”

ఉంగరపువేలు విరిగింది. పక్కనున్నవాళ్లు గట్టి బేరమే అనుకుని చూపు తిప్పుకున్నారు.

“నడిమేలు పట్టుకొనుండా. ఆలోచించి చెప్పు.”

“బొంబాయి సేట్లు...”

అదీ విరిగింది.

“మేమే! దలాలోళ్లమంతా ఇట్లే తువాలు కింద మాట్లాడుకుంటిమి. మీ బండ్లు ఖాళీ అయ్యేదాకా ధర లేపగూడదని!”

నిజం చెప్పాను కదా, ఇక వదులుతాడనుకున్నాడు దలాలి. చూపుడువేలు కూడా విరిగింది.

“బొటనేలు ఇడిసిపెడతాండా,” అన్నాడు రైతు, తువాలు దులిపి భుజాన వేసుకుంటూ. “రేపట్నుంచి ఏలిముద్ర ఎయ్యి, మా మాదిరి.”